ఏటా గ్యాస్ నింపిస్తున్న ఏసీకి ముందు లీకు పట్టించండి
ప్రతి వేసవిలోనూ గ్యాస్ నింపించినా రెండు నెలలకే చల్లదనం తగ్గుతోందని, సన్న పైపు మీద మంచు పేరుకుంటోందని రాశారు. ఏసీలో గ్యాస్ వాడకం వల్ల ఖర్చయ్యేది కాదండీ. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. లీకు దొరికేదాకా మళ్లీ నింపించకండి.

ముందుగా బయటి యూనిట్ దగ్గర రాగి పైపుల ఫ్లేర్ నట్లు చూడండి. పైపు చివరను గరాటులా విప్పారిస్తే అది ఫ్లేర్, దాన్ని యూనిట్‌కు బిగించేది ఫ్లేర్ నట్టు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి, జిడ్డు మరక, దానికి అంటిన దుమ్ము కనిపిస్తే అనుమానం అక్కడే. మెకానిక్‌ను నైట్రోజన్ సిలిండర్ తెమ్మనండి. లైనులో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి జాయింట్లకు సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి. ఆక్సిజన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడనివ్వకండి, నూనెతో కలిస్తే పేలిపోతుంది!

నట్టు దగ్గరే అయితే ఫ్లేర్ కొత్తగా చేయిస్తే చాలు. కాయిల్ చాలా చోట్ల తుప్పు పట్టి ఉంటే అతుకులు వద్దు, మార్చడమే మేలు.

తర్వాత వాక్యూమ్ పంపుతో లైనులోని గాలి, తేమ లాగేసి, ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) లోపుకు దించాలి. పంపు ఆపాక ఆ అంకె పైకి పాకకూడదు. గ్యాస్‌ను ప్రెషర్ చూసి అందాజుగా కాక, యూనిట్ లేబుల్ మీది బరువు ప్రకారం తూకం వేసి నింపించండి. మీ ఏసీలోది ఆర్-32 రకం గ్యాస్ అన్నారు, దానికి మండే గుణం ఉంది. పైపులు అతికేముందు గ్యాసంతా తీసేసి, లైను నైట్రోజన్‌తో ఊదించి, కిటికీలు తెరిచి ఉంచండి.