పాత స్టెట్సన్ టోపీ కాలాన్ని, ధరను తేల్చుకోవడం గురించి

డాలస్‌లో ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో కొన్న, స్టెట్సన్ అనే అమెరికన్ కంపెనీ చేసిన కౌబాయ్ టోపీ ఏ కాలానిదో, లోపలి 3ఎక్స్ ముద్రను (ఫెల్టు, అంటే బొచ్చునో ఉన్నినో ఒత్తి చేసిన గుడ్డ, నాణ్యతను సూచిస్తూ కంపెనీ వేసే గుర్తును) బట్టి దాని ధర కట్టవచ్చునో లేదో మీరు అడిగారు. ఆ ముద్రపై ఆధారపడవద్దని గట్టిగా చెబుతాను. ఎక్స్‌ల లెక్కకు కంపెనీలన్నీ పాటించే ప్రమాణమేదీ లేదు. పైగా కాలం గడిచేకొద్దీ ఆ అంకెలు పెరుగుతూ వచ్చాయి కనుక, పాత 3ఎక్స్ ఫెల్టు నేటి 3ఎక్స్ కంటే ఎంతో మేలైనది కావచ్చు.

నుదుటికి తగిలే తోలుపట్టీని మెల్లగా బయటికి మడిచి, దాని వెనుక కార్మిక సంఘం చీటీ ఉందేమో చూడండి. అమెరికాలో టోపీ కార్మికుల సంఘం 1934లో క్యాప్, మిల్లినరీ (ఆడవారి టోపీల) కార్మికుల సంఘంతో కలిసిపోయింది. ఆ ఉమ్మడి పేరు చీటీపై ఉంటే మీ టోపీ అంతకు ముందుది కాజాలదు. తోలు ఎండి పెళుసెక్కి ఉంటే మాత్రం బలవంతం చేయకండి, పట్టీ చిరిగితే విలువ బాగా పడిపోతుంది. పురుగు కొట్టిన రంధ్రాలూ అంతే నష్టం. పెద్ద సైజులకు గిరాకీ ఎక్కువ. ధర కోసం ఈబేలో అమ్మకందారులు అడుగుతున్న మొత్తాలను కాక, నిజంగా అమ్ముడైన వాటినే చూడండి.

అమెరికాలో 1941 వరకు ఫెల్టు తయారీలో పాదరసం వాడేవారు కనుక, పాత టోపీని శుభ్రం చేసేటప్పుడు చేతితొడుగులు తప్పక వేసుకోండి.