అడవిలోని రన్‌వేలను ఎందుకు వదిలేస్తారు? వదిలేసిన చోట విమానం దింపవచ్చా?

అటవీ పనుల కోసం మారుమూల వేసిన రన్‌వేలు ఎందుకు మూతపడతాయి, అత్యవసరమైతే అక్కడ దిగవచ్చా అని అడిగారు. అలాంటి ఒక మట్టి రన్‌వే నిర్వహణలో కొన్నేళ్లు పనిచేశాను. దాన్ని వదిలేయడం కళ్లారా చూశాను.

మూతపడటానికి ముఖ్య కారణం అక్కడ విమానానికి పని తగ్గిపోవడం. ఒకప్పుడు కార్చిచ్చును కనిపెట్టాలన్నా, ఆర్పేవాళ్లను చేర్చాలన్నా చిన్న విమానమే దిక్కు. సోవియట్ యూనియన్‌లో 1931 నుంచే అడవులను విమానాలతో కాపాడే వ్యవస్థ ఉండేది. ఇప్పుడు మంటల జాడను ఉపగ్రహాలు పట్టిస్తున్నాయి, మనుషులను హెలికాప్టర్లు దించుతున్నాయి. మంటలార్పే సీఎల్-415 విమానమైతే పెద్ద సరస్సు నీటిని ఒరుసుకుంటూ వెళ్లి 12 సెకన్లలో సుమారు 6,000 లీటర్లు నింపుకుంటుంది. మంటకు దగ్గరలో రన్‌వే ఉందా లేదా అన్నది దానికి అక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి విమానం దిగే చోట గడ్డి కోయించడానికి నిధులు రాబట్టడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

మా రన్‌వేను ముందుగా దెబ్బతీసింది నీరు. పక్క కాలువలో ఆకులు పేరుకుని తూము పూడిపోయింది. వాన నీరు రన్‌వే మీదికి మళ్లి, పాత చక్రాల జాడల వెంట పారుతూ పొడవునా కోసేసింది. ఆ కోత మీద గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. పైనుంచి చూస్తే నున్నటి పచ్చిక. దగ్గరికి వెళ్లి కర్ర గుచ్చితే అడుగు లోతు దిగేది. మధ్యలో జంతువులు తవ్విన బొరియలు. ముందు చక్రం అందులో పడితే విమానం తిరగబడుతుంది.

ఆ తర్వాత చెట్లు. రన్‌వే మీద మొలిచినవాటి కంటే దాని చివర్లకు అవతల పెరిగేవి ఎక్కువ ప్రమాదం. చిన్న విమానాల రన్‌వేకు దిగే దారిని సాధారణంగా 1:20 వాలుతో, అంటే ప్రతి 20 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు చొప్పున లెక్కిస్తారు. ఆ లెక్కన రన్‌వే మొదట్లో 15 మీటర్ల చెట్టు ఒకటి నిలిచిందంటే సుమారు 300 మీటర్ల నేల లెక్కలోంచి పోయినట్టే. 800 మీటర్ల రన్‌వేలో ఇక మిగిలేది 500. ఎత్తైన ప్రాంతంలో, ఎండ వేళ, బరువుతో ఉన్న విమానానికి అది చాలదు.

నన్ను బాధపెట్టింది మూసివేత కాదు, మూసిన తీరు. కాపలా తీసేశారు కానీ గాలి దిశను చూపే గాలి సంచి స్తంభానికే ఉండిపోయింది. రంగు వెలిసినా గాలికి ఊగుతూనే ఉండేది. ఇది వాడుకలో ఉన్న రన్‌వే అని పైలట్‌కు చెప్పే గుర్తు అదే కదా! మూయదలిస్తే సంచి తీసేయాలి, పైనుంచి కనిపించేలా పెద్ద ఇంటూ గుర్తులు వేయాలి (అంతర్జాతీయ నిబంధనల ప్రకారం రన్‌వే మీద తెల్లవి), నోటమ్ (పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరిక) జారీ చేయాలి, పటాల్లో మార్పించాలి. మిగిలిన ఇంధనపు పీపాలను తరలించాలి. గట్టిపడిన నేలను లోతుగా దున్నితేనే వేర్లు దిగి అడవి తిరిగి వస్తుంది. ఇవన్నీ ఖర్చుతో కూడినవే, అయినా తప్పవు.

మూయడమే దారి అని కూడా అనను. అమెరికాలోని ఐడహో అడవుల విషయంలో 1980 నాటి చట్టం వాడుకలో ఉన్న రన్‌వేలను రాష్ట్రం రాతపూర్వక అంగీకారం లేకుండా శాశ్వతంగా మూయకూడదంది. స్థానికులకూ పైలట్లకూ నిజంగా పనికొచ్చే చోట అలాంటి రక్షణ న్యాయమే.

ఇక దిగవచ్చా అంటే, పటంలో ఉందనో పైనుంచి చదునుగా ఉందనో దిగవద్దు. ఈ వానాకాలం తర్వాత ఆ నేల మీద నడిచి చూసినవాళ్లు ఉంటే, అటవీ కార్యాలయం ద్వారా వాళ్లతో ముందుగా మాట్లాడండి. ఇంజిన్ ఆగిపోయి వేరే దారి లేనప్పుడు మాత్రం సంగతి వేరు. అప్పుడు వీలైనంత తక్కువ వేగంతో, ముందు చక్రాన్ని సాధ్యమైనంతసేపు నేలకు తాకనీయకుండా దింపండి.