మనవరాలు పైపులు కోస్తోంది, ఇది చదువేనా?

ప్రశ్న: మేరీల్యాండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు బడి నుంచి రాగానే పీవీసీ పైపులు కోస్తూ, మైనం కరిగిస్తూ కూర్చుంటోంది. నీళ్లలో తిరిగే రోబో అట, పేరు సీపెర్చ్. రోబోకి రిమోట్ ఉండాలి కదా, ఇంత పొడుగు తీగ ఎందుకు? ఇందులో పిల్ల నేర్చుకునేదేమిటి? నీళ్లలో కరెంటు ప్రమాదం కాదా?
- ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, కాకినాడ

జవాబు: మాస్టారూ, ఆ పిల్లను ఆపకండి. విశాఖలో ఓడల మరమ్మతు పనుల్లో ఉద్యోగం చేసి, ఇప్పుడు పిల్లల చేత ఇలాంటి రోబోలే కట్టిస్తున్నవాణ్ణి. నీళ్లంత నిక్కచ్చిగా పేపరు దిద్దే మాస్టారు ఇంకొకరు లేరని నా నమ్మకం.

ముందు తీగ సంగతి. రేడియో తరంగాలు నీళ్లలో దూరం పోవు. ఇంట్లో వైఫై వాడే తరంగాలైతే జానెడు లోతు దాటేసరికే దాదాపు ఆరిపోతాయి. అందుకే పైనుంచి తీగ వదులుతారు. సాధారణంగా అది కంప్యూటర్ నెట్‌వర్క్ కేబులే, లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి. సీపెర్చ్‌కి మోటార్లు మూడు, ఒక్కోదానికి రెండు తీగలు. మిగిలిన రెండింటితో ఏం చేద్దామని పిల్లలు తెగ ఆలోచిస్తారు. కొందరు కెమెరా పెడతారు. కేబుల్ మరీ పొడుగైతే వోల్టేజి తగ్గి మోటారు మందగిస్తుంది. ఓమ్ నియమం అక్కడ కళ్లకు కనబడుతుంది.

మైనం మోటార్ల కోసం. మోటారుకి గట్టిగా టేపు చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, చుట్టూ కరిగించిన మైనం పోస్తారు. టేపు వదులైతే మైనం లోపలికి కారి మోటారు పట్టేస్తుంది. నీళ్లను నెట్టే ఫ్యాను ఇరుసు బయటికొచ్చే రంధ్రం దగ్గర సందుంటే నీళ్లు దూరతాయి. ముందే సీలు చేసిన మోటార్లు కొనిద్దామని మీ అల్లుడుగారు అంటే దయచేసి వద్దనండి. ఈ పనిలో సగం చదువు ఆ సీలు వేయడంలోనే ఉంది.

మిగతా సగం తేలడంలో ఉంది. రోబో మునిగిపోకూడదు, పైకి తేలిపోకూడదు. వదిలిన చోట నిలబడాలి. ఆర్కిమెడిస్ సూత్రం మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. ఫోము ముక్కను చిటికెడు చిటికెడు కోస్తూ, బకెట్లో ముంచి చూస్తూ ఆ సూత్రం నేర్చుకున్నవాళ్లు ఎంతమంది? ఫోము పైన, బరువు కింద ఉండాలి. తిరగేస్తే రోబో నీళ్లలో పల్టీ కొడుతుంది. పైపులకు రంధ్రాలు పెట్టకపోతే లోపల గాలి చిక్కుకుని లెక్కంతా తప్పుతుంది. ఇంకా లోతుకు పోతే నీటి ఒత్తిడికి మెత్తటి ఫోము నలిగిపోయి తేలే శక్తి తగ్గుతుంది.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి మనవరాలికి ఈ లెక్క ఇవ్వండి. మంచినీళ్లు లీటరు సుమారు 1000 గ్రాములు, సముద్రపు నీళ్లు సుమారు 1025. మూడు లీటర్ల నీటిని పక్కకు నెట్టే రోబో ఈతకొలనులో సరిగ్గా నిలబడితే, కాకినాడ సముద్రంలో దానికి ఎంత బరువు కట్టాలి? 75 గ్రాములని తనే చెబుతుంది.

సీపెర్చ్ 2003లో అమెరికాలోని పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీలో, సముద్ర పరిశోధనలు చూసే సీ గ్రాంట్ విభాగంలో మొదలైంది, అమెరికా నౌకాదళ పరిశోధన విభాగం అండగా నిలిచింది. పీవీసీ పైపులని చిన్నచూపు వద్దు. 2004లో శాంటా బార్బరాలో జరిగిన మేట్ అనే నీటి రోబోల పోటీలో, అరిజోనా ఎడారి నగరం ఫీనిక్స్‌లోని కార్ల్ హేడెన్ హైస్కూలు పిల్లలు నలుగురు పీవీసీ రోబోతో ఎంఐటీ జట్టును దాటి మొదటి బహుమతి కొట్టారు. ఎలక్ట్రానిక్స్ పెట్టెలోకి నీళ్లు కారుతుంటే తడి పీల్చడానికి ఆడవాళ్లు నెలసరిలో వాడే టాంపాన్లు కుక్కారు. వాళ్లు వలస కూలీల ఇళ్ల పిల్లలు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

మన చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) ముగ్గురు మనుషుల్ని 6000 మీటర్ల లోతుకు దింపేందుకు మత్స్య 6000 అనే జలాంతర వాహనం తయారుచేస్తోంది. అక్కడి ఒత్తిడి మనమున్నచోటి కంటే సుమారు 600 రెట్లు, అందుకని మనుషులు కూర్చునే గోళం టైటానియంతో చేస్తున్నారు. నీళ్లు లోపలికి రాకుండా చూడటం, తేలడానికీ మునగడానికీ మధ్య నిలపడం వాళ్లకూ ఉన్న పనులే.

ఇక కరెంటు. ఇది 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి షాకు భయం పెట్టుకోకండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉందో లేదో మాత్రం చూడండి. అడాప్టరుతో గోడ ప్లగ్గుకి కలిపి నీళ్లలో వదలడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తీగలు అతికించే సోల్డరింగ్ చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టించి కిటికీ తెరవండి. మైనం కరిగించేటప్పుడు పక్కన పెద్దవాళ్లుండాలి. అసలు భయపడాల్సింది ఆ వేడికే.