పాత టీవీ అచ్చం టీవీలా ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: సార్, 1985లో వరంగల్‌లో ఒక మధ్యతరగతి ఇంట్లో జరిగే చిన్న యానిమేషన్ సినిమా చేస్తున్నాను. గదిలో షట్టర్లున్న చెక్క టీవీ, బ్లాక్ అండ్ వైట్‌ది, ఉండాలి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, తెర మీద అడ్డగీతలు, రంగు చుక్కలు అన్నీ పెట్టాను. అయినా రెండర్ చేస్తే, అంటే తుది బొమ్మ తీస్తే, ప్లాస్టిక్ బొమ్మలా ఉంది, దూరం షాట్‌లో తెర మీద ఏవో వలయాలు కదులుతున్నాయి. రెడీమేడ్ మోడల్ కొనడమే నయమా? గ్రాఫిక్స్ కార్డు 4 జీబీదే, అదొక టెన్షన్.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కొనకండి. అమ్మకానికి దొరికేవి చాలావరకు విదేశీ టీవీలు, నెత్తిన రెండు కొమ్ముల యాంటెన్నాతో ఉంటాయి, అలాంటిది సుబేదారిలో ఇల్లని చెప్పి పెడితే ఆ రోజులు చూసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. మన దగ్గర యాంటెన్నా డాబా మీద పైపుకు కట్టి ఉండేది, అక్కడి నుంచి వైరు కిటికీలోంచి టీవీ వెనక్కి దిగేది, పక్కన స్టెబిలైజరు, పైన అల్లిన గుడ్డ. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీల ఫొటోలు వెతికి ముందు పెట్టుకోండి.

ఇక మీ మోడల్ సంగతి. ఆ రంగు చుక్కలు ముందు తీసేయండి! ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కలర్ ట్యూబులోనే ఉంటాయి. బ్లాక్ అండ్ వైట్ ట్యూబు లోపల ఫాస్ఫర్ పూత (తెరను వెలిగించే పదార్థం) అంతా ఒకేలా ఉంటుంది, కాస్త నీలం కలిసిన తెల్లటి వెలుగు ఇస్తుంది. మీరు చూసిన ట్యుటోరియల్ కలర్ టీవీది అయ్యుంటుంది.

వలయాలకు కారణం గీతలే. అప్పట్లో మన టీవీ ప్రసారం 625 గీతల పాల్ (PAL) పద్ధతి, అందులో బొమ్మకు వాడేవి సుమారు 575. మీ షాట్‌లో తెర ఎత్తు 200 పిక్సెళ్లే ఉంటే అన్ని గీతలు ఎక్కడ ఇముడుతాయి? పిక్సెళ్లతో పేచీ పడి అలా వలయాలవుతాయి. తెర ఫ్రేమంతా నిండే క్లోజప్‌లో మాత్రమే గీతలు పెట్టండి, దూరం షాట్‌లో బొమ్మను కొంచెం మసకగా వదిలేస్తే చాలు.

ప్లాస్టిక్‌లా కనిపించడానికి నాకు అనిపించే అసలు కారణం గాజు. చాలామంది తెరను ఒకే పలకగా చేసి దాని మీద బొమ్మ అతికిస్తారు. రెండు భాగాలుగా చేయండి: ముందు కొద్దిగా ఉబ్బిన మందపాటి గాజు, దాని వెనక బొమ్మ ఉండే పొర. అప్పుడు కిటికీ ప్రతిబింబం గాజు మీద వంగి పడుతుంది, బొమ్మ లోపల ఉన్నట్టు అనిపిస్తుంది. ఆఫ్‌లో ఉన్న తెరకు నల్ల రంగు వేయకండి, అది బూడిద రంగులో ఉంటుంది. కొలతలు కూడా నిజంవే ఇవ్వండి, 20 అంగుళాల సెట్టు అంటే 4:3 లెక్కన తెర 16 అంగుళాల వెడల్పు, 12 ఎత్తు, చెక్క ఫ్రేము కింద కొంత దాగుతుంది కాబట్టి కనిపించేది ఇంకాస్త తక్కువ. పెట్టె అంచులు కత్తిలా వదలకుండా 2, 3 మిల్లీమీటర్ల బెవెల్ (అంచును కాస్త వాలుగా చెక్కడం) ఇస్తే అక్కడ వెలుగు పట్టుకుంటుంది. చెక్క చార ఏ పలకకు ఆ పలక పొడవునా సాగాలి, మూల తిరిగి పక్క పలక మీదకు పాకిందా, అది చెక్క కాదని తెలిసిపోతుంది.

టీవీ వెలుగు మనుషుల మొహాల మీద పడాలంటే తెర పొరనే నమ్ముకోకండి, రెండర్‌లో చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది. తెర ముందు అంతే సైజు ఏరియా లైటు (పలకలా వెలుగు చిమ్మే లైటు), కెమెరాకు కనపడకుండా పెట్టి, బొమ్మ మారినప్పుడల్లా దాని బలం మార్చండి. సినిమా సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకుంటే పాల్‌కు సరిపోతుంది.

4 జీబీ సరిపోతుంది. ఒక 4కే టెక్స్చర్ (మోడల్ మీద చుట్టే 4096 x 4096 పిక్సెళ్ల బొమ్మ) మెమరీలో దాదాపు 64 ఎంబీ తింటుంది, కెమెరాకు కనపడని టీవీ వీపుకు కూడా నాలుగేసి పెట్టుకుంటే మాత్రం తప్పు కార్డుది కాదు.

ప్రశ్న: నా సీన్‌లో టీవీ తెర మీద 1980ల దూరదర్శన్ సీరియల్ ముక్క వేయొచ్చా?
- కరీంనగర్ పాఠకురాలు

జవాబు: అనుమతి లేకుండా వద్దమ్మా. మన చట్టంలో సినిమా, వీడియోలకు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, కాబట్టి ఆ కాలం సీరియళ్లు ఇంకా హక్కుల్లోనే ఉన్నాయి. మీ ఇంట్లోవాళ్లతోనే వార్తలు చదివించి షూట్ చేసి, రంగు తీసేసి, సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు తెర మీద కదిలే తెల్ల చుక్కల్లాంటి 'మంచు' కాస్త కలపండి. కథ 1982కు ముందుదైతే కలర్ బొమ్మ అసలే వేయకండి, మన దేశంలో కలర్ ప్రసారాలు మొదలైందే ఆ ఏడాది.

ప్రశ్న: అటక మీద పాత టీవీ ఉంది. మోడల్ కోసం విప్పి లోపలి కొలతలు తీసుకోనా?
- జగిత్యాల పాఠకుడు

జవాబు: వద్దు. పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల కరెంటు ప్లగ్గు పీకేశాక కూడా నిలిచి ఉండొచ్చు, పైగా ఆ గాజు లోపల గాలి ఉండదు, పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి. లోపలి భాగాలు మీ సీన్‌లో ఎలాగూ కనపడవు. బయటి నుంచే, ఫ్లాష్ లేకుండా, మబ్బు పట్టిన రోజు వాకిట్లో పెట్టి, స్కేలు పక్కన ఉంచి నాలుగు వైపులా ఫొటోలు తీయండి.