డ్యూటీలో చేరే ముందు ఇది చదువు

అమ్మలూ,

నీకు చెన్నైలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చిందని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో ఏడుపొచ్చింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్లు ఒక మాటంటే నోరెత్తని పిల్లవి. వార్డులో నీ ఆ గుణమే నాకు భయం.

చేతులు కడుక్కోవడం, మందు ఇచ్చాకే చార్టులో సంతకం పెట్టడం కాలేజీలో నేర్పే ఉంటారు. ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్‌కి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూతది. ఎంత తొందరలో ఉన్నా చూసుకో.

సరైన మనిషి, మందు, మోతాదు, ఇచ్చే దారి, వేళ. ఈ అయిదూ నేనూ బట్టీ పట్టినదాన్నే. అయినా 1996లో, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఏం జరిగిందో మీ అమ్మకు కూడా చెప్పలేదు.

వార్డులో ఇద్దరు సుబ్బమ్మలు. 11వ బెడ్ ఆవిడకు షుగరు. 14లో ఉన్నావిడ నెల్లూరు వైపు నుంచి కాలు విరిగి వచ్చింది. అప్పుడు మా వార్డులో చేతికి పేరు రాసిన బ్యాండ్లు లేవు. సాయంత్రం 14 దగ్గరికి ట్రే పట్టుకెళ్లి "సుబ్బమ్మేనా?" అన్నాను. "ఆ" అంది. బిళ్లను అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇది నాది కాదేమోనమ్మా, నాకిచ్చేది పెద్దది" అంది. ఇంకా పద్దెనిమిది మందికి ఇవ్వాలి. "డాక్టరు గారు రాశారు అవ్వా, మింగు" అన్నాను. "తెలుగు పిల్లవి, నువ్వు చెబితే సరే" అని మింగేసింది.

అది గ్లైబెన్‌క్లమైడ్, 11వ బెడ్ ఆవిడకు ఇవ్వాల్సిన షుగరు తగ్గించే బిళ్ల. రాత్రి పది గంటలకు చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది, జాకెట్టు చెమటతో తడిసిపోయింది, నన్ను ఎవరో అనుకుని పిలుస్తోంది. షుగరు 38. 25 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించగానే తేరుకుంది. ఆ మందు ఒంట్లో చాలాసేపు ఉంటుంది కదా, తెల్లవారుజామున మళ్లీ పడిపోయింది. రాత్రంతా గంటగంటకూ వేలు గుచ్చి చూస్తూ పక్కనే కూర్చున్నాను. బతికింది.

"ముసలావిడ, సరిగ్గా తినలేదు" అని కేస్ షీట్‌లో రాసేస్తే ఎవరికీ తెలియదు. నాకా ఆలోచన వచ్చింది. హెడ్ సిస్టర్ పెన్ను నా చేతిలో పెట్టి, "జరిగింది జరిగినట్టు రాయి. కొడుక్కి నువ్వే చెప్పు" అన్నారు. చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. "మా అమ్మ నాది కాదని చెప్పింది కదమ్మా" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకే చెబుతున్నాను, పేరు నువ్వు అందించకు. వాళ్లనే చెప్పనివ్వు. "ఉంగ పేరెన్న?" అనే తమిళం ముందు నేర్చుకో. తర్వాత బ్యాండ్ చూడు. "ఇది నాది కాదు" అన్నారా, ట్రే అక్కడే ఆపేసి కేస్ షీట్ దగ్గరికి వెళ్లు. వద్దంటే కసరకు. ఎందుకు వద్దో అడుగు, డాక్టరుకు చెప్పు, రాసిపెట్టు. వద్దనే హక్కు వాళ్లకుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి, ఒకసారి కూర్చుని చదువు.

ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయమన్నప్పుడు ఆ మనిషి నీ మొహంలోకి చూస్తే, అర్థం కాలేదని. సాక్షి సంతకం పెట్టెయ్యకు. "సార్, ఇంకోసారి చెప్పండి" అను. మొదటిసారి గొంతు వణుకుతుంది. వణికినా అను. సీనియర్లు విసుక్కుంటే నాకు ఫోన్ చెయ్యి, రాత్రి రెండైనా సరే.

పరీక్షలప్పుడు అన్నం మానేస్తావటగా? ఖాళీ కడుపుతో నైట్ డ్యూటీకి వెళ్లావని తెలిస్తే ఊరుకోను. చెప్పులు మెత్తనివి కొనుక్కో, డబ్బు నేనిస్తాను.

పినాకిని రైల్లో వస్తే ముందే చెప్పు. సెంట్రల్‌లో నిలబడి ఉంటాను, పులిహోర తెస్తాను.

మీ పెద్దమ్మ