పాత మేనేజర్ మనసు విప్పితే

విశాఖ మధురవాడ నుంచి అమెరికాలోని డల్లాస్ వెళ్లి ఇంకా ఏడాది నిండని అమ్మాయి అడిగిన సందేహం ఇది. రుషికొండ ఐటీ హిల్స్‌లో పనిచేసినప్పుడు తనకు మేనేజర్‌గా ఉన్న అతను ఇప్పుడు డల్లాస్‌లోనే వేరే కంపెనీలో ఉన్నాడు. వారాంతాల్లో కలుస్తున్నారు. మొన్న అతను సూటిగానే అడిగేశాడు, స్నేహం దాటి ఆలోచించగలవా అని. "నాకూ ఇష్టమే అక్కా. కానీ ఒకప్పుడు బాస్ కదా, తప్పవుతుందా?" అంటోంది.

తప్పు కాదమ్మా. నీ జీతం, నీ రేటింగ్, నీ సెలవు ఇప్పుడు అతని చేతిలో లేవు. అక్కడి కంపెనీలు పట్టించుకునేది ఒకే సంస్థలో పై అధికారికీ కింద పనిచేసేవాళ్లకీ మధ్య నడిచే వ్యవహారాన్ని. 2018లో ఇంటెల్ సీఈఓ బ్రయాన్ క్రజానిచ్, 2019లో మెక్‌డొనాల్డ్స్ సీఈఓ స్టీవ్ ఈస్టర్‌బ్రూక్ పదవులు పోగొట్టుకున్నది అందుకే. ఇద్దరి ఇష్టంతోనే జరిగినా ఆ కంపెనీలు ఊరుకోలేదు. మీరిద్దరూ వేర్వేరు చోట్ల ఉన్నారు కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

నా భయం వేరే. బాస్ కాకపోయినా అతని సంతకం నీకు ఇంకా అవసరం పడవచ్చు.

రేపు నీ కంపెనీ గ్రీన్‌కార్డు కోసం పెర్మ్ అనే దరఖాస్తు వేస్తుంది. ఉద్యోగానికి ఇన్నేళ్ల అనుభవం కావాలని అందులో రాస్తే, సాధారణంగా ఆ అనుభవం ఇప్పటి కంపెనీలో చేరకముందు సంపాదించినదై ఉండాలి. అంటే నీకు విశాఖ ఉద్యోగమే ఆధారం. రిలీవింగ్ లెటర్‌లో తేదీలు, హోదా ఉంటే చాలదు. ఏ పని చేశావో వివరంగా ఉండాలి. మన దగ్గర చాలా ఆఫీసుల్లో హెచ్‌ఆర్ వాళ్లు ఆ వివరం రాసివ్వరు. అప్పుడు లాయరు మొదట అడిగేది, "మీ పాత మేనేజర్ రాసిస్తారా?" అని. ఆరు నెలలకు మీ ఇద్దరికీ చెడిందనుకో, ఆ లెటర్ కోసం అతనికి ఫోన్ చేయగలవా? అతను మంచివాడే కావచ్చు. మనసు విరిగినవాడు ఫోన్ ఎత్తకపోవడం కూడా సహజమే కదా. అందుకని అతనికి ఏ జవాబూ చెప్పకముందే రుషికొండ ఆఫీసుకు మెయిల్ పెట్టి, లెటర్‌హెడ్ మీద పని వివరాలతో సర్టిఫికెట్ అడుగు. కుదరదంటే ఆ జవాబు దాచుకుని, నీతో పనిచేసిన మరో సీనియర్ చేత రాయించుకో. హెచ్‌ఆర్ కాదన్న ఆ మెయిల్ కూడా లాయరుకు పనికొస్తుంది. ఇది చేతికొచ్చాక నువ్వు అవునన్నా కాదన్నా అది నీ మనసు చెప్పిన మాటే అవుతుంది.

"మా కంపెనీలో ఖాళీ ఉంది, రిఫర్ చేస్తాను" అని అతను అనవచ్చు. ప్రేమతోనే అంటాడు. అతని టీములోకి మాత్రం వెళ్లకు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మరో కంపెనీ చేత పిటిషన్ వేయించుకోవడానికైనా, వేరే స్టేటస్‌కు మారడానికైనా దొరికేది మహా అయితే 60 రోజులు. ఉద్యోగం, ఉండే ఇల్లు, ప్రేమ ఒకే మనిషి దగ్గర ఉంటే, నచ్చని మాట నచ్చలేదని చెప్పడానికే నోరు రాదు. లీజు నీ పేరు మీదే ఉంచుకో, డ్రైవింగ్ త్వరగా నేర్చుకో.

అతనికి ఇదివరకు పెళ్లయిందో లేదో నువ్వు రాయలేదు. సిగ్గుపడకుండా అడుగు. విడాకులు నడుస్తున్నాయంటే కేసు నంబరు అడుగు. విశాఖ ఫ్యామిలీ కోర్టులో వేసి ఉంటే అది ఏ దశలో ఉందో కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో మామూలుగా తెలిసిపోతుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం ఇద్దరూ ఒప్పుకున్నా ఏడాది విడిగా ఉండాలి, అర్జీ వేశాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా కోర్టు డిక్రీ చూపించినా అక్కడితో ఆగిపోకు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో, భర్త మిస్సోరీలో తెచ్చుకున్న విడాకులు మన దేశంలో చెల్లవని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇతని విడాకుల కేసుకు మొదటి భార్య ఒప్పుకుందా, కోర్టుకు వచ్చిందా అన్నది కనుక్కోవాలి. ఇలా అడిగినందుకు కోపం తెచ్చుకునేవాడైతే, ఆ కోపాన్ని గుర్తుపెట్టుకో.

ఇక మనిషి సంగతి. సంబంధాలు చూసే అమ్మాయిలెవరికీ దొరకని అవకాశం నీకు దొరికింది. రాత్రి రెండింటికి క్లయింటు వాడే సిస్టమ్ ఆగిపోయినప్పుడు అతను ఎవరి మీద అరిచాడో చూశావు. తప్పు జరిగితే క్లయింటు ముందు నీ పేరు చెప్పాడా, తన మీద వేసుకున్నాడా? కొత్తగా చేరిన పిల్లలతో, క్యాబ్ డ్రైవరుతో ఎలా మాట్లాడేవాడు? డబ్బు ఖర్చుపెట్టి రెస్టారెంటులో కూర్చుంటే తెలిసేది కాదిది. ఒక్కటి మాత్రం కొత్తగా చూడాలి. అప్పట్లో అతను చెప్పేవాడు, నువ్వు చేసేదానివి. ఇప్పుడూ ఎక్కడికి వెళ్లాలో, ఏం తినాలో అతనే తేలుస్తున్నాడా? ఈసారి నువ్వు ఒక ప్లాన్ కాదను. రెండోసారి కూడా కాదను. మామూలుగా తీసుకుంటాడో, మీటింగులో లాగా నిన్ను ఒప్పించడానికి దిగుతాడో చూడు.

కొత్త దేశంలో మొదటి ఏడాది ఒంటరితనం చాలా గట్టిది. నవంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది, అపార్ట్‌మెంట్లో మాట్లాడే మనిషి ఉండడు. అప్పుడు ఆర్కే బీచ్ మురీ మిక్చర్ గురించి, మధురవాడ ట్రాఫిక్ గురించి మన యాసలో మాట్లాడేవాడు ఎదురైతే ప్రాణం లేచొస్తుంది. ఆ హాయి నిజమైనదే. అది అతని వల్ల వచ్చిందో, ఊరి బెంగ వల్ల వచ్చిందో తెలియాలంటే నీకు ఇంకా మనుషులు కావాలి. ఫ్రిస్కో హనుమాన్ గుడికి వెళ్లు, ఆఫీసులో ఇద్దరు స్నేహితులను చేసుకో, నాలుగు నెలలు పోనీ. అప్పటికీ శనివారం పొద్దున్నే అతనికే ఫోన్ చేయాలనిపిస్తే మంచిదే.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలి? డల్లాస్ తెలుగువాళ్లలో చూసినవాళ్లు ఊరుకోరు, కబురు మధురవాడ చేరడానికి ఒక్క వాట్సాప్ చాలు. మొదట మీ అక్కకో పిన్నికో చెప్పి ఉంచు. సంక్రాంతికి వెళ్తే అమ్మావాళ్లు పెళ్లిచూపులు పెట్టేస్తారు. నీ మనసు ఒకచోట ఉండగా ఆ అబ్బాయిల ముందు కూర్చోవడం వాళ్లకూ అన్యాయం. కొన్నాళ్లు సంబంధాలు ఆపమని నాన్నగారిని ముందే అడుగు. నిర్ణయం అయ్యాక అతనెవరో చెప్పేటప్పుడు, నీకు మేనేజర్‌గా చేశాడన్న సంగతి మొదటి మాటల్లోనే చెప్పేయి. అది తర్వాత బయటపడితే, రుషికొండలో ఉన్నప్పుడే మొదలైందేమోనని అమ్మ నెలల తరబడి కుమిలిపోతుంది.