ఖాళీ గడుల్లో సగటు నింపొచ్చా?

ప్రశ్న: ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్)లోని ఎయిర్‌క్వాలిటీ డేటా (న్యూయార్క్, 1973 మే–సెప్టెంబరు) 153 రోజులది. ఓజోన్‌పై రిగ్రెషన్ (మిగతా కొలతలతో ఓజోన్‌ను అంచనా వేసే లెక్క) నడిపితే 111 వరసలే లెక్కలోకి వచ్చాయి. ఖాళీల్లో సగటు నింపేయనా?

జవాబు: వద్దండి. ఓజోన్ 37 రోజులు, సౌర వికిరణం 7 రోజులు లేవు. రెండూ లేనివి 2. అలా 42 వరసలు ఎగిరిపోయాయి. సమ్మరీ అడుగున ఆ సంఖ్య ఉంటుంది, చాలామంది చూడరు. సగటు నింపితే విలువల మధ్య తేడా (విస్తరణ) కృత్రిమంగా తగ్గి, స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాల్లోని అనిశ్చితి కొలతలు) ఉండాల్సినదానికంటే చిన్నవిగా వస్తాయి. ఓజోన్ ఖాళీల్లో 21 ఒక్క జూన్‌లోనివే, కనుక నెలను ఫ్యాక్టర్‌గా (సంఖ్యగా కాక, వర్గంగా) మోడల్‌లో చేర్చండి. తర్వాత ఖాళీలను పూరించే మైస్ ప్యాకేజీతో, సీడ్ (మళ్లీ నడిపినా అదే ఫలితం రావడానికి ఇచ్చే సంఖ్య) పెట్టి, 20 పూరణలు (ఖాళీలు నింపిన 20 వేర్వేరు డేటా ప్రతులు) చేయండి (డిఫాల్ట్ 5 చాలదు). ఒక్కోదానిపై రిగ్రెషన్ నడిపి ఫలితాలను అందులోని పూల్ ఫంక్షన్‌తో కలపండి. సౌర వికిరణం పూరించేటప్పుడు ఓజోన్‌ను పక్కన పెట్టొద్దు. పెడితే రిగ్రెషన్‌లో సౌర వికిరణం గుణకం సున్నా వైపు జారుతుంది.